ఉద్యోగం వదిలి సీరియల్స్‌లోకి రావచ్చా: పర్లాకిమిడి మాస్టారికి ఒక పాత ఆర్టిస్టు జవాబు

మాస్టారూ, ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పేస్తాను, మిగతావాళ్లకూ సంగతేమిటో తెలుస్తుంది. మీరు ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్రభుత్వ స్కూలు టీచరు. వయసు నలభై దాటింది. ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం వైపు పరిషత్తు నాటకాలు ఆడారు, బహుమతులు తెచ్చుకున్నారు. సీరియల్స్‌లో తండ్రి, మావయ్య, లాయరు వేషాలు వేసే సీనియర్లు ఇరవై, పాతికేళ్లుగా ఎలా నెట్టుకొస్తున్నారని అడిగారు. ఉద్యోగం వదిలేసి హైదరాబాద్ వచ్చేస్తే మీకూ అలా కుదురుతుందా అని అడిగారు.

నాదీ ఒడిశానే, బరంపురం. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. ఆ తర్వాత కొద్దికాలానికే నేను హైదరాబాద్ చేరాను. అప్పటి నుంచి ఇదే బతుకు. హీరో వేషం ఒక్కటి కూడా వేయలేదు. అన్నయ్యగా మొదలుపెట్టి, బాబాయిగా, తండ్రిగా ప్రమోషన్లు తీసుకుంటూ ఇప్పుడు తాతయ్యనయ్యాను.

ఉద్యోగం వదలొద్దు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకో వివరంగా చదివి మీరే తేల్చుకోండి.

సీనియర్లు ఎలా నిలబడ్డారన్నారు. బయట అందరూ నటన బాగుండబట్టి అనుకుంటారు. నటన ఉండాలి, కాదనను. కానీ మా దగ్గర మనిషిని నిలబెట్టేవి డేట్లు, అంటే షూటింగుకి మనం ఇచ్చే రోజులు. డైలీ సీరియల్ సోమవారం నుంచి శనివారం దాకా వస్తుంది. అరగంట స్లాటులో యాడ్స్ తీసేస్తే ఇరవై నిమిషాల పైచిలుకు బొమ్మ కావాలి. అంటే వారానికి ఆరు ఎపిసోడ్లు, పండగ లేదు, పబ్బం లేదు. రోజుకు ఒక ఎపిసోడ్‌కి సరిపడా తీస్తేనే యూనిట్ బండి నడుస్తుంది. అలాంటి చోట హాల్లో ఎనిమిది మంది నిలబడి గొడవపడే సీను ఉందనుకోండి. ఆ ఎనిమిది మందీ ఒకే రోజు దొరకాలి. దీన్నే మేం కాంబినేషన్ డేట్లు అంటాం. అందులో నలుగురు ఇంకో రెండు మూడు సీరియల్స్‌లో కూడా చేస్తుంటారు. వాళ్ల డేట్లన్నీ కలపడానికి ప్రొడక్షన్ మేనేజర్ పడే టెన్షన్ చూస్తే జాలేస్తుంది. ఒకరు దొరక్కపోతే ఆ పాత్ర ఊరెళ్లిపోతుంది, లేదా ఫోన్లో మాట్లాడుతుంది. సీరియల్స్‌లో జనం అన్నేసి ఫోన్లు ఎందుకు మాట్లాడుకుంటారని మా ఆవిడ అడుగుతుంటుంది. సగం కారణం ఇదే.

కాబట్టి మేనేజర్‌కి కావాల్సిన సీనియర్ ఎవరంటే, రాత్రి పదింటికి ఫోన్ చేసి "సార్, రేపు మీ సీన్లు పడ్డాయి" అంటే విసుక్కోకుండా వీలవుతుందో కాదో ఆ నిమిషంలోనే చెప్పేవాడు. వస్తానంటే వచ్చేవాడు. రానంటే ఎప్పుడు రాగలడో చెప్పేవాడు. ఒక నెలలో రెండు మూడు సీరియల్స్‌కి డేట్లు సర్ది, ఎవరితోనూ మాట పడకుండా నడుపుకోగలిగిన వాళ్లే నేను చూసిన వాళ్లలో మిగిలారు. నాకంటే ఎంతో బాగా చేసేవాళ్లు, గొంతు విప్పితే సెట్టంతా నిశ్శబ్దమైపోయేవాళ్లు, ఈ డేట్ల దగ్గర చెడ్డపేరు తెచ్చుకుని వెనక్కిపోయారు. పరిషత్తులో మీకు నెలల తరబడి రిహార్సల్స్ చేసి ఒక్క రాత్రి ఆడటం అలవాటు. ఇక్కడి లెక్క పూర్తిగా తిరగేసి ఉంటుంది.

ఇక పని పద్ధతి. నాటకాల వాళ్లు మొదటి నెలలో ఇక్కడే తడబడతారు కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతాను. డైలాగ్ బట్టీ పట్టే అవకాశం చాలా సార్లు ఉండదు. సీన్ పేపర్ ఆ ఉదయమే చేతికొస్తుంది. ఒక్కోసారి మేకప్ వేసుకుంటుండగా వస్తుంది. కెమెరా పక్కన అసిస్టెంట్ డైరెక్టర్ నిలబడి లైను చదువుతాడు, అది అందుకుని మనం చెప్పాలి. ప్రాంప్టింగ్ అంటే నాటకాల్లో నామోషీ. ఇక్కడ అదే రోజువారీ పద్ధతి. కష్టం ఎక్కడంటే, అతను చదివేటప్పుడు మన ముఖం వింటున్నట్టు కనపడకూడదు. ఎదుటివాడి మాటకు ఆలోచిస్తున్నట్టు ఉండాలి. అతను చదివిన యాసలో కాకుండా మన పాత్ర యాసలో బయటకు రావాలి. ఆ అర సెకను ఖాళీని ఆలోచనగా మార్చుకోవడం వచ్చిందంటే సగం పని వచ్చినట్టే.

రెండోది రియాక్షన్లు. సీనంతా కలిపి తీసే మాస్టర్ షాట్ అయ్యాక, ఒక్కొక్కరి ముఖం దగ్గరగా చూపించే క్లోజులు తీసేటప్పుడు, ఎదుటి ఆర్టిస్టు చాలా సార్లు ఉండరు. వాళ్ల డేట్ అయిపోయి ఇంకో షూటింగుకి వెళ్లిపోయి ఉంటారు. "సార్, లుక్ కుడివైపు, కోడలు నిజం చెప్పేసింది, షాక్" అంటారు. గోడవైపు చూసి షాకవ్వాలి. తర్వాత "అదే లుక్‌లో కోపం", "ఇప్పుడు కన్నీళ్లు, కానీ ఆపుకుంటున్నారు". వరసగా అయిదారు. ఏ సీనుకి ఎంత మోతాదో మనకే తెలియాలి, లేకపోతే ఎడిటింగులో మన ముఖం అతకదు. రంగస్థలం మీద వెనక వరసకు కనిపించాలని చేతులు పెద్దగా కదిపి, గొంతు ఎత్తి చెప్పిన అలవాటు క్లోజులో వెక్కిరింతలా కనపడుతుంది. మన గంజాంలో ప్రహ్లాద నాటకం చూసే ఉంటారు. మెట్లమెట్ల వేదిక మీద హిరణ్యకశిపుడు ఎగిరి దిగుతుంటే ఊరంతా దద్దరిల్లుతుంది. ఆ పాత్రధారిని తీసుకొచ్చి హాల్లో సోఫాలో కూర్చోబెట్టి, కూతురి పెళ్లి చెడిపోయిందని నోరు విప్పకుండా కళ్లతో చెప్పమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మీకు రాదని అనడం లేదు. సమయం పడుతుంది, ఆ సమయం ఇంటి అద్దె కడుతూ గడపాలి.

బట్టలు కూడా మనవే. క్యారెక్టర్ ఆర్టిస్టులకు కాస్ట్యూమ్స్ కంపెనీ ఇవ్వడం తక్కువ. కథలో ఒక్క రాత్రి జరిగే గొడవ టీవీలో వారం రోజులు నడుస్తుంది, దాన్ని నెలలో నాలుగైదు విడతలుగా తీయొచ్చు. అన్ని రోజులూ అదే చొక్కా, అదే వాచీ, అదే బొట్టు ఉండాలి. ప్యాకప్‌కి ముందు ఫోన్లో ఫొటో తీసుకోవడం నేర్చుకోండి. కంటిన్యుటీ తప్పితే తిట్లు అసిస్టెంట్ తింటాడు, ఆ అసిస్టెంట్ మనల్ని గుర్తుపెట్టుకుంటాడు.

ఈ అసిస్టెంట్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సీనియర్ల కెరీర్ వెనక అసలు దారం వీళ్లే. ఇవాళ మనకి ప్రాంప్టింగ్ చెప్పే కుర్రాడు కొన్నేళ్లకు అసోసియేట్ అవుతాడు, ఆ తర్వాత డైరెక్టర్ అవుతాడు. కొత్త సీరియల్‌కి ఆర్టిస్టుల లిస్టు రాసేటప్పుడు అతనికి ముందు గుర్తొచ్చేది తనను "బాబూ, టిఫిన్ చేశావా" అని అడిగినవాళ్లు. నన్ను కొన్ని సీరియల్స్‌లోకి పిలిచింది ఒకప్పుడు నా లైన్లు చదివిన పిల్లలే. ఆడిషన్‌లో నెగ్గి తెచ్చుకున్న వేషాలకంటే ఇలా వచ్చినవే ఎక్కువ.

పేరు గురించి ఆశ ఉంటే కొంచెం తగ్గించుకోండి. జనం పాత్రనే గుర్తుపెట్టుకుంటారు. మొగలిరేకులు అయిపోయి ఎన్నేళ్లయినా సాగర్‌ని ఆర్కే నాయుడనే పిలుస్తారు. కార్తీక దీపం దీపను వంటలక్కగా గుర్తుపట్టేవాళ్లలో ఎంతమందికి ఆవిడ ప్రేమీ విశ్వనాథ్ అని, కేరళ నుంచి వచ్చిందని తెలుసు? హీరో హీరోయిన్ల సంగతే ఇలా ఉంటే మనకి దక్కేది "ఆ సీరియల్లో నాన్న కదూ మీరు?" అన్న పలకరింపు. రైల్లో పక్క సీటావిడ, కూతుర్ని ఇంట్లోంచి గెంటేసినందుకు నన్ను నిజంగానే తిట్టింది. ఆవిడ దగ్గరే పులిహోర తిన్నాను.

మీ భాష గురించి భయపడ్డారు, ఒడిశా తెలుగు అని నవ్వుతారేమోనని. మీ ఊళ్లో ఉండే గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుకభాష కోసం పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. సీరియల్ డైలాగు నడిచేది ఆ వాడుకభాషలోనే. మన వైపు మాట కొంచెం సాగుతుంది, వాక్యం చివర ఎత్తు ఉంటుంది. అది నెల రోజుల్లో సర్దుకుంటుంది. పద్యం చదివిన నోరు కాబట్టి ఒత్తులు, శ, ష, స తేడాలు పలుకుతాయి, అది పెద్ద ఆస్తి. ముఖ్య పాత్రలకు కర్ణాటక, కేరళ నుంచి ఆర్టిస్టులు చాలామంది వస్తున్నారు, వాళ్లకు వేరేవాళ్లు డబ్బింగ్ చెబుతారు. పెద్దవాళ్ల వేషాల్లో మాత్రం సొంత గొంతుతో తెలుగు చెప్పేవాళ్లకు ఇంకా గిరాకీ ఉంది. వయసు కూడా అడ్డం కాదు. హీరోయిన్లకు ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటున్నాయి కాబట్టి నలభై అయిదేళ్ల తండ్రి చక్కగా సరిపోతాడు. ఆడవాళ్లకు ఇది ఇంకా అన్యాయంగా ఉంటుంది. ముప్పై అయిదు రాకుండానే తల్లిని చేసేస్తారు, పక్కన కొడుకుగా నిలబడేవాడికీ ఆవిడకీ అయిదేళ్లు తేడా ఉండదు.

ఇప్పుడు డబ్బు. మాకు జీతం ఉండదు, రోజు లెక్క. ఎన్ని రోజులు పనిచేస్తే అన్ని రోజులకు. అందులో వేషాలు కుదిర్చే కోఆర్డినేటర్ ద్వారా వచ్చిన పనైతే అతని వాటా పోతుంది, పదిశాతం టీడీఎస్ కోస్తారు. చేతికి ఎప్పుడొస్తుందన్నది వేరే కథ. పనిచేసిన నెల దాటి రెండు, మూడు నెలలకు రావడం మామూలే. ఒకసారి ఒక నిర్మాత సీరియల్ మధ్యలో ఆపేసి, చివరి షెడ్యూల్ డబ్బు ఎగ్గొట్టాడు. అడగడానికి వెళితే ఆఫీసే ఖాళీ. అప్పటికే నాకు ప్రతి సాయంత్రం వోచర్ మీద సంతకం పెట్టి, దాన్ని నా పుస్తకంలో తేదీతో రాసుకునే అలవాటుంది. ఆ పుస్తకం పట్టుకుని మా ఆర్టిస్టుల సంఘం పెద్దలతో కలిసి తిరిగితే సగం వచ్చింది. పుస్తకం లేనివాళ్లకు అదీ రాలేదు. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, జబ్బు చేస్తే సెలవు లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు షూటింగులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. జనం ఇళ్లలో కూర్చుని పాత ఎపిసోడ్లు చూస్తున్నారు, వాటిలో కనిపించే మాకు ఆదాయం సున్నా. రీటెలికాస్ట్‌కి మాకు పైసా రాదు. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గదుల్లో ఉండే చిన్న ఆర్టిస్టులు సరుకుల కిట్ల కోసం వరసలో నిలబడ్డారు. మీకు నెల మొదటి తారీఖున జీతం పడుతుంది. దాని విలువ మీకు తెలుసు, కానీ మా వైపు నుంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. పైగా ఒడిశాలో 2005 తర్వాత చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు, ఎన్‌పీఎస్ అనే కొత్త పెన్షన్ పథకం వచ్చింది. మధ్యలో రాజీనామా చేస్తే ఆ సొమ్ములో ఎక్కువ భాగం చేతికి రాకుండా పెన్షన్ ప్లానులోకే వెళుతుంది. మీ ట్రెజరీలో తెలిసినవాళ్లను అడిగి లెక్క వేయించుకోండి.

గురువారం సంగతి కూడా తెలియాలి. ఏ సీరియల్‌ని ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ సంస్థ రేటింగులు ప్రతి గురువారం వస్తాయి. ఆ అంకె తగ్గితే ఛానల్ వాళ్లు, రచయితలు కూర్చుని కథ మార్చేస్తారు. ఎవరి ట్రాక్‌కి రేటింగ్ రావడం లేదో వాళ్లను అమెరికా పంపించేస్తారు, లేదా ఫొటోకి దండ వేస్తారు. మనకి ముందు చెప్పరు. ఒకరోజు సెట్‌కి వెళితే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడు "సార్, మీది మంచి ఫొటో ఒకటి కావాలి, పెద్దది" అంటాడు. మాకు అర్థమైపోతుంది. నా ఫొటోలకు ఎన్నో దండలు పడ్డాయి, మా అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ ఎపిసోడ్లు చూసేది కాదు. కొత్తవాళ్లు ఆ రోజు గొడవపడతారు, ఫేస్‌బుక్‌లో పోస్టులు పెడతారు. సీనియర్ మాత్రం ఫొటో ఇస్తాడు, అందరికీ నమస్కారం పెడతాడు, డైరెక్టర్‌తో ఒక్క మాట "తర్వాత ప్రాజెక్టులో గుర్తుపెట్టుకోండి" అంటాడు. ఒక్కోసారి అదే సంస్థ తర్వాతి సీరియల్లో వేరే ఇంటి పెద్దగా వచ్చేస్తాడు. చచ్చిన తండ్రి పక్క స్లాటులో మామగారై కనపడితే ప్రేక్షకులు ఏమీ అనుకోరు, అలవాటు పడిపోయారు.

ఇవన్నీ చదివాక కూడా మనసు లాగుతుంటే ఒక దారి ఉంది. జె.వి. సోమయాజులు గారిని తలుచుకోండి. పుట్టింది మన పక్కనే ఉన్న శ్రీకాకుళం జిల్లా లుకలాంలో. డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేస్తూ, తమ్ముడు రమణమూర్తి గారితో కలిసి కన్యాశుల్కం ఆడుతూ ఉన్నారు. 1980లో శంకరాభరణం వచ్చేటప్పటికి ఆయనకు యాభై దాటింది. అందరికీ అలా జరుగుతుందని కాదు. ఉద్యోగం ఉన్నవాడికి వచ్చిన వేషాన్ని ఎంచుకునే ధైర్యం ఉంటుంది, అద్దె కట్టాల్సినవాడికి ఉండదు. ఆ తేడా కెమెరా ముందు కూడా కనపడుతుంది.

మీకు ఇంకో సౌకర్యం ఉంది, హైదరాబాద్ కుర్రాళ్లకు లేనిది. ఒడియా. భువనేశ్వర్‌లో తరంగ్, జీ సార్థక్, ఒకప్పుడు ఈటీవీ ఒడియాగా ఉండి ఇప్పుడు కలర్స్ ఒడియా అయిన ఛానల్ సీరియల్స్ తీస్తున్నాయి. దూరదర్శన్ ఉండనే ఉంది. పారితోషికం హైదరాబాద్ కంటే తక్కువే ఉంటుంది, కానీ మీకు కావాల్సింది ముందు కెమెరా అలవాటు. మన బరంపురం, పర్లాకిమిడి వాళ్లు ఒడియా చెబితే కటక్ వాళ్లు యాస పట్టేస్తారన్నది నిజమే. గంజాం నుంచి వచ్చిన వ్యాపారి, గుమస్తా, రైల్వే ఉద్యోగి లాంటి పాత్రలకు ఆ యాసే పనికొస్తుంది. హైదరాబాద్ రావాలంటే మీరు నౌపడ మీదుగా పలాస చేరి ఫలక్‌నుమానో విశాఖ ఎక్స్‌ప్రెస్సో ఎక్కాలి. రానుపోను ప్రయాణానికే రెండు రోజులు పోతాయి. రెండు రోజుల షూటింగు కోసం నాలుగు రోజుల సెలవు ఎన్నిసార్లు దొరుకుతుంది? భువనేశ్వర్ అయితే అంత కష్టం ఉండదు.

ఒక జాగ్రత్త. మీరు ప్రభుత్వోద్యోగి. డబ్బు తీసుకుని నటించాలంటే ముందుగా శాఖ నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి. చాలామంది "ఎవరు చూస్తారులే" అనుకుంటారు. టీవీలో కనపడే పని కదా మాస్టారూ, చూడకుండా ఎలా ఉంటారు? మీ మీద గిట్టనివాడు ఒక్కడు స్క్రీన్‌షాట్ పంపితే చాలు. దరఖాస్తులో సెలవు రోజుల్లో మాత్రమే చేస్తానని, విధులకు అడ్డు రాదని స్పష్టంగా రాయండి.

వేషం ఇప్పిస్తామని, ఆర్టిస్టుల సంఘం కార్డు ఇప్పిస్తామని, ఫొటోషూట్‌కి, పోర్ట్‌ఫోలియోకి ఇంత కట్టమని ఎవరైనా అడిగితే ఒక్క రూపాయి ఇవ్వకండి. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, తీసుకోడు. మన ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు దీనిలో ఎక్కువ మోసపోయారు. ఊళ్లో చెప్పుకోలేక అప్పులు తీర్చుకుంటూ కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

నా మటుకు నేను ఏడాది తప్పించి ఏడాది చైత్రంలో బరంపురం వెళతాను, బుఢీ ఠాకురాణి జాతరకి. నేత పని చేసే మా వాళ్ల ఇళ్లలో ఆ అమ్మవారికి వేషం కట్టడం మొక్కు. చిన్నప్పుడు పులి వేషానికి ఒంటినిండా రంగు పూసి, ఆరేదాకా గోక్కోకుండా నిలబెట్టేవారు. పౌరాణిక సీరియల్స్‌లో కిరీటం, మీసం, గమ్ పెట్టుకుని పన్నెండు గంటలు కూర్చోవాల్సి వచ్చినప్పుడు ఆ అలవాటే పనికొచ్చింది. మిగతా ఆర్టిస్టులు గంటకోసారి మేకప్‌మ్యాన్‌ని పిలిచేవారు.

మీరు చేయాల్సిన పని ఇప్పుడు చెబుతాను. ఫోన్లో మూడు వీడియోలు తీయండి, ఒక్కోటి నిమిషానికి మించకూడదు. ఒకటి, పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు చెప్పే పరిచయం. రెండోది, ఎవరైనా పక్క నుంచి చదువుతుండగా అందుకుని చెప్పే డైలాగ్, మీకు ముందు తెలియనిది. మూడోది మాటల్లేకుండా, కొడుకు పరీక్ష తప్పాడని ఫోన్లో విన్న తండ్రి ముఖం, ఛాతీ నుంచి పైకి మాత్రమే కనపడేలా. పద్యం పాడిన వీడియోలు, షీల్డులతో ఫొటోలు పంపకండి, వాటిని ఎవరూ తెరవరు. కిటికీ వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుంటే చాలు, లైట్లు కొనక్కర్లేదు. వేసవి సెలవులకు ముందే పంపితే, సెలవుల్లో రెండు మూడు రోజుల చిన్న వేషం దొరకొచ్చు. జడ్జి, డాక్టరు, పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషి, ఇలాంటివి. అది చేసి, సెట్‌లో పన్నెండు గంటలు కూర్చుని, నాలుగు మాటలు చెప్పి, డబ్బు కోసం మూడు నెలలు ఎదురుచూసి, అప్పుడు మళ్లీ ఇదే ప్రశ్న అడగండి. మీసం మాత్రం ఇప్పుడే తీసేయకండి. ఒక ఫొటో మీసంతో తీసి పంపాక, కావాలంటే వాళ్లే తీయమంటారు.